చెయ్యి లేచే మేర

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సిన చోట నా ఎడమకాలు ముందు వచ్చిందట. అమ్మ ప్రాణాల మీదికి వచ్చిన ఆ పూట గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు గానీ, ఆ కాలు గురించి మాత్రం తమిళనాడులోని మా గుడియాత్తం బజారంతా మాట్లాడుకునేది. ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డ కాలితో నిమిరితే సుళుకు పోతుందని మా వైపు నమ్మకం. నడుం పట్టేసినా, మెడ తిరక్కపోయినా, చీలమండ మెలికపడినా, భుజం లాగినా అన్నిటికీ ఒకటే పేరు, సుళుకు. అన్నిటికీ ఒకటే మందు, నా కాలు.

ఈ వైద్యానికి మా అవ్వ మేనేజరు. మూడు రోజులు, పరగడుపున, మూడేసిసార్లు నిమరాలని నియమం పెట్టింది ఆమే. పొద్దు పొడవక ముందే నన్ను లేపి, ఎడమ అరికాలికి గోరువెచ్చటి ఆముదం పూసి, వెనకవాకిట్లో చాప మీద బోర్లా పడుకున్న మనిషి దగ్గరికి తోలేది. నేను అవ్వ చెయ్యి పట్టుకుని, కుడికాలి మీద నిలబడి, ఎడమ పాదాన్ని మెడ దగ్గరనుంచి నడుం దాకా లాగేదాన్ని. నిలబడే నిద్రపోయిన రోజులున్నాయి. అప్పుడు అవ్వ నా చెవి పట్టుకుని, "లాగు నాయనా, ఇంకొక్కసారే, లాగు" అనేది.

అందుకే నాకు ఆ ఊళ్ళో చాలామంది మొహాలు తెలియవు, వీపులు తెలుసు. మగ్గం మీద కూర్చునేవాళ్ళ వీపు ఒకవైపు బిగుసుకుని ఉండేది. అగ్గిపెట్టెల పనివాళ్ళ వీపుకు మందు వాసన ఉండేది. ఒకాయన అయితే, ఎవరన్నా గుర్తుపడతారని కాబోలు, తల మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. ఆయన వీపు నిండా సున్నపు చుక్కలు. ఆముదంలో తడిసి ఆ సున్నం నా అరికాలికి బంకలా పట్టుకుంది. మూడు రోజులూ ఇసుకపెట్టి రుద్దుకోవలసి వచ్చింది కాబట్టి ఆ వీపు నాకు బాగా గుర్తు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

మాది రంగుల అంగడి. సున్నం, నీలిమందు, కావి, రంగుపొడులు, కుంచెలు అమ్మేవాళ్ళం. అంగడికి రోజూ వచ్చేవాళ్ళలో గోడలు రాసే మామ ఒకడు. చుట్టం కాదు, అందరూ మామ అంటే నేనూ అన్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగులో ఒక్క అక్షరం రాదు. అప్పట్లో నాకూ రాదు. కాలేజీ హాస్టల్లో ఒక తిరుపతి పిల్ల నేర్పించాక వచ్చింది. తమిళ అక్షరం మాత్రం ఆయన చేతిలో పడితే చూడాల్సిందే. నిచ్చెన కూడా లేకుండా, చెయ్యి పైకి చాచి, మనిషి ఎత్తు అక్షరాన్ని ఒక్క ఊపులో దించేవాడు. ఎలక్షన్లకు ఆరునెలల ముందే ఊళ్ళో మంచి గోడలన్నిటికీ సున్నం కొట్టి, మూలన తన కట్చి పేరు పొడి అక్షరాల్లో రాసిపెట్టేవాడు. ఈ గోడ మాది అని దానర్థం. ఒక కట్చి అలా రాసిన గోడ మీద ఇంకో కట్చి చెయ్యి వెయ్యదు. పార్టీని మేము కట్చి అనే అంటాం. ఆయనకు కట్చి అంటే ఉత్త ఓటు కాదు. బొట్టు పెట్టడు, గుడికి పోడు, తన పెళ్ళిలో మంత్రాలు చదివే అయ్యవారు లేడని పదిమందికి చెప్పుకుంటాడు, మూఢనమ్మకం మాట వినబడితే కుంచె కింద పెట్టి మరీ వాదనకు దిగుతాడు.

ఒకరోజు ఆయన అంగడిలోకి వచ్చి, సరుకు అడక్కుండా, నేరుగా అవ్వ మీద పడ్డాడు.

"ఏం అవ్వా, ఇంకా ఎంతమంది నడుముల మీద ఈ పాపను నడిపిస్తావు? కాలిలో ఏముండాది? ఎముక ఉండాది, తోలు ఉండాది. అంతే."

"నీ గోడలు నువ్వు చూసుకో అప్పా. మా ఇంటి బిడ్డ సంగతి నీకెందుకు?" అంది అవ్వ.

ఆయన నాయన వైపు తిరిగాడు. అంగడిలో నలుగురైదుగురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. "అన్నా, ఈ పాపకి కాలు కాదు, తల ఉండాది. దాన్ని వాడండి. నిజంగా సుళుకు తీయాలంటే డాక్టరుకి చదివించు. చదివినాక నేనే వచ్చి మీ అంగడి గోడ మీద ఆ పాప పేరు ఉత్తగా రాసిచ్చి పోతా."

మా వాళ్ళలో ఆడపిల్లను పదో తరగతి దాటించడం అప్పటికి అలవాటు లేదు. నాయనకు కూడా ఆ ఉద్దేశం లేదనే అనుకుంటాను. కానీ నలుగురి ముందు అన్న మాట. రోషం వచ్చింది. "చదివిస్తాలే, ఏం, మావల్ల కాదనుకున్నావా?" అన్నాడు. ఆ నెలతో నా ఎడమకాలికి ఉద్యోగం పోయింది. అవ్వ మామతో రెండేళ్ళు మాట్లాడలేదు. నేను చదివాను. ఆయన అన్నమాట ప్రకారం గోడ మీద పేరు రాయలేదు, నేనే వద్దన్నాను. ఉన్న మాట చెప్పాలంటే, ఆ రోజు ఆయన అలా దబాయించకపోతే నేను ఏ అంగడి గల్లా పక్కనో కూర్చుని ఉండేదాన్ని.

నేను స్కాన్ డాక్టర్నయ్యాను. కాపురం వేలూరులో బాగాయంలో, పని అక్కడే ఒక స్కాన్ సెంటరులో. వారంలో రెండు రోజులు మాత్రం గుడియాత్తంలో ఒక చిన్న క్లినిక్‌కు వచ్చేదాన్ని. మొదట్లో అంతా గర్భిణులే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదన్న బోర్డు గోడకు, తెర మా వైపు మాత్రమే కనబడేటట్టు తిప్పిన మిషను, బయట బెంచీ మీద అత్తలూ కోడళ్ళూ. ఏళ్ళ తరబడి అలా చేసి, పడుకున్నవాళ్ళకు తెర కనిపించకుండా భుజంతో అడ్డంపెట్టడం నా ఒంటికే అలవాటైపోయింది.

తర్వాత కీళ్ళకూ, కండరాలకూ, నరాలకూ స్కాన్ చెయ్యడం నేర్చుకున్నాను. ఇక్కడ నరం అంటే జనం అనే నరం. కండను ఎముకకు కట్టిపెట్టే తాడు అది, పుస్తకాల్లో స్నాయువు అంటారు. ఎక్స్‌రేలో అది కనబడదు. ఎక్స్‌రేకు ఎముకతోనే మాటలు. స్కాన్‌లో అయితే నరం సన్నటి తెల్లటి గీతలు పక్కపక్కనే పేర్చినట్టు కనిపిస్తుంది, మనిషి కదిలితే అదీ కదులుతుంది. ఎక్కడ నొప్పి అంటే అక్కడే మిషను పిడి, అదే ప్రోబ్, ఆనించి, "ఇక్కడేనా?" అని అడగవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. మనిషి చెప్పేదాన్నీ లోపల ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఆ ఊరికి ఇది బాగా కావలసిన పని. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు బొటనవేలి మొదట్లో నరం చుట్టూ నీరు చేరి నల్లటి ఉంగరం తొడిగినట్టు ఉండేది. పేర్ణాంబట్టు నుంచి బూట్ల పైతోలు కుట్టేవాళ్ళు మోచేయి పట్టుకుని బస్సు దిగేవాళ్ళు. మగవాళ్ళకు మాత్రం గర్భిణుల మధ్య బెంచీ మీద కూర్చోవాలంటే ప్రాణం పోయేది. ఒక మగ్గంపనాయన అయితే మిషను చూసి, "నాకేం కడుపా డాక్టరమ్మా, భుజం కదా?" అని తలుపు దగ్గరే ఆగిపోయాడు.

ఆయన విషయంలోనే నేను తప్పు చేశాను. భుజం నరం స్కాన్‌లో ఒకచోట నల్లగా కనిపించింది. చిరిగింది అని రాసిచ్చాను. ఆయన మగ్గం దిగేసి ఇంట్లో కూర్చున్నాడు. నేను వేలూరులో మా పెద్ద డాక్టరుగారికి ఆ బొమ్మ చూపిస్తే, ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, "ప్రోబ్ వాల్చి చూశావా?" అని మాత్రం అడిగాడు. చూడలేదు. ప్రోబ్ కాస్త వంకరగా ఉంటే నిక్షేపంగా ఉన్న నరం కూడా చిరిగినట్టే నల్లగా కనిపిస్తుంది. నిటారుగా పెడితే మళ్ళీ తెల్లగా వచ్చేస్తుంది. ఆ మనిషిని పిలిపించి మళ్ళీ చూస్తే నరం నిక్షేపంగా ఉంది. క్షమించమని అడిగాను. "పోనీలే అమ్మా, పదినాళ్ళు నిద్రపోయినా" అన్నాడు గానీ నాకు తలకొట్టేసినట్టయింది. అప్పటినుంచి నల్లటి మచ్చ ఎక్కడ కనిపించినా నాలుగు వైపులా వాల్చి చూడందే నోరు విప్పను.

ఒక గురువారం పొద్దున గర్భిణులంతా అయిపోయాక గోడలు రాసే మామ వచ్చాడు. అరవై దాటాయి. పంచె, చొక్కా జేబులో కట్చి నాయకుడి బొమ్మ, అదే మనిషి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. తలుపు వేసి, కుర్చీలో కూర్చోకుండా, నిలబడే అన్నాడు.

"డాక్టరమ్మా, చెప్పులు విప్పుతావా?"

నాకు అర్థం కాలేదు.

"నీ ఎడమకాలు. ఈ భుజం మీద మూడుసార్లు లాగు. ఎవరికీ చెప్పొద్దు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేరే ఎవరు అడిగినా నవ్వి ఊరుకునేదాన్ని. ఈ మనిషి అడగడం నాకు భరించలేనిదిగా అనిపించింది. నలుగురి ముందు మా అవ్వను నిలదీసినవాడు, నా కాలు మాన్పించి నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టినవాడు, ఇన్నేళ్ళ తర్వాత తలుపు వేసుకుని ఆ కాలే అడుగుతున్నాడు. నాకు కోపం కూడా వచ్చింది.

"ఏంది మామా ఇది? నువ్వేనా అడిగేది?" అన్నాను.

"కూర్చో పాపా, చెప్తా" అని, అప్పుడు తనూ కూర్చున్నాడు.

జరిగింది ఇది. మునిసిపాలిటీ ఎలక్షన్లలో ఆయన తమ్ముడి కొడుకు వార్డు సీటు అడిగాడు. కట్చి ఇవ్వలేదు, నిన్నగాక మొన్న కట్చిలోకి వచ్చిన ఒక తోళ్ళ కంపెనీ యజమానికి ఇచ్చింది. మామ బాధపడ్డాడు, కానీ బయటికి ఒక్క మాట అనలేదు. గోడలు రాసే రోజులొచ్చాయి. కుంచె ఎత్తబోతే చెయ్యి లేవలేదు. రొమ్ము దాకా వస్తుంది, పైకి పోదు. ఎముక డాక్టరు దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి, ఎముక బాగుంది, వయసు నొప్పి అని మాత్రలిచ్చాడు. కట్చి ఆఫీసులో అందరికీ ఆ ఎక్స్‌రే సంగతి తెలిసిపోయింది. చెయ్యి బాగానే ఉండాది, మనసే బాగా లేదు, సీటు రాలేదని నాటకం ఆడుతున్నాడు, ఆ పక్క కట్చివాళ్ళు పిలిచినారు కాబోలు అన్నారు.

"వాళ్ళు అనింది పోనీ" అన్నాడు మామ. "నాకే అనుమానం వచ్చేసినాది పాపా. రాత్రీ పగలూ అదే ఆలోచన. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే నొప్పి యాడనుంచి వస్తా ఉండాది? నాకు కోపం ఉన్నింది నిజమే. నాకే తెలీకుండా నా మనసు కట్చిని వదిలేసి, చెయ్యిని ఎత్తనీకుండా పట్టుకోని ఉండాదేమో. నలభై ఏండ్లు రాసినా. ఇప్పుడు నేనే దొంగనేమో అని భయంగా ఉండాది."

"దానికీ నా కాలికీ ఏం సంబంధం?"

ఆయన తల దించుకున్నాడు. పంచె అంచును వేళ్ళతో మడిచాడు. "నీ కాలు ఒకసారి నా వీపు మీద పడింది. నీకు తెలీదు. తువ్వాలు కప్పుకున్నా. మెడ తిరగలే, మూడు దినాలు వచ్చినా. తగ్గిపోయినాది. నాకు అంత అవమానం ఎప్పుడూ కాలే. ఊరంతా మైకు పెట్టి మూఢనమ్మకం అని అరిచేవాడికి చిన్నబిడ్డ కాలితో తగ్గిందంటే ఏమనుకోవాల? తగ్గిందంటే అది ఉత్తుత్తి నొప్పే, మనసులోదే అనుకున్నా. ఆ కోపంలోనే మీ అవ్వ మీదికి వచ్చినా."

సున్నపు చుక్కల వీపు నా కళ్ళ ముందు లేచింది. అరికాలు జిగటగా అయినట్టు కూడా అనిపించింది. నేను చదువుకున్నది ఈయన సిద్ధాంతం వల్ల అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఈయన సిగ్గు వల్లనట.

"అందుకే అడుగుతా ఉండా" అన్నాడు మామ. "నీ కాలు పెట్టు. తగ్గిపోయినాదంటే ఇదీ మనసులోదే, నేను దొంగనే. తగ్గకపోతే నిజం నొప్పి. నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే."

ఆయన కాలు అడిగింది నమ్మి కాదు. హేతువాది హేతువాదిగానే వచ్చాడు, పాపం, చేతిలో ఉన్న ఒక్క కొలబద్ద తీసుకుని. నాకు వచ్చిన కోపమంతా దిగిపోయింది. "ఇంకో పరీక్ష ఉంది మామా, దానికి చెప్పులు విప్పాల్సిన పని లేదు" అని ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి చొక్కా తీయమన్నాను.

ముందు ఎడమభుజం చూశాను. నొప్పి లేనివైపు ముందు చూడాలి. ఆ మనిషికి మామూలు అంటే ఏమిటో ఆ మనిషి ఒంట్లోనే దొరుకుతుంది. భుజం పైనుంచి పోయే నరం సరిగ్గా కనబడాలంటే చెయ్యి వెనక్కి పెట్టించాలి. ప్యాంటు వేసుకున్నవాళ్ళకైతే వెనక జేబులో చెయ్యి పెట్టమంటాం. పంచెకు వెనక జేబు ఏది? "సుత్తిలి తాడు యాడ దోపుకుంటావు మామా?" అని అడిగాను. గీతలు కొట్టే తాడు ఆయన ఎప్పుడూ నడుం వెనక దోపుకునేవాడు. చెయ్యి తనంత తనే అక్కడికి పోయింది. ఎడమ నరం వయసుకు తగ్గట్టు కాస్త గరుకుగా ఉంది, కానీ ఉంది. గుండ్రటి ఎముక మీద మందంగా, గీతలుగీతలుగా పరుచుకుని ఉంది.

తర్వాత కుడివైపు జెల్ వేసి ప్రోబ్ పెట్టాను. చెయ్యి వెనక్కి పెట్టేటప్పుడే ఆయన పళ్ళు బిగించాడు. తెర మీద నల్లగా కనిపించింది.

డాక్టరన్నవాళ్ళు రోగికి ఏమీ ఉండకూడదని కోరుకుంటారు. నేను ఆ నిమిషంలో ఆయన నరం తెగి ఉండాలని కోరుకున్నాను. మనసారా కోరుకున్నాను. అలా కోరుకున్నాను కాబట్టే నా కళ్ళను నేను నమ్మలేదు. ప్రోబ్ ఇటు వాల్చాను, అటు వాల్చాను. మగ్గంపనాయన గుర్తొచ్చాడు. నిటారుగా పెట్టి, అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి చూశాను. వంకర వల్ల వచ్చిన నలుపైతే కరిగి తెల్లబడాలి. ఇది కరగలేదు. ఎముక గుండు బోసిగా ఉంది. దాని మీద ఉండాల్సిన నరం లేదు, తెగి లోపలికి జారిపోయింది. పైనున్న కండ నేరుగా ఎముక మీదికి కూలబడింది.

అప్పుడు నేను ఎప్పుడూ చెయ్యని పని చేశాను. తెరను ఆయన వైపు తిప్పాను.

"ఇది నీ ఎడమ, ఇది కుడి. చూడు" అని రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. "ఇక్కడ తెల్లగా మందంగా ఒక పూత ఉంది కదా. ఇక్కడ లేదు."

ఆయన చాలాసేపు చూశాడు. గోడలు రాసే పనివాడి చూపుతో చూశాడు, మూలమూలా. "పూత రాలిపోయి ఇటుక బయటపడినాది" అన్నాడు.

"అంతే మామా. అది నువ్వు కాదు. చెయ్యే."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. జెల్ తుడుచుకోమని ఇచ్చిన గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇంకొకటి చూసి ఉన్నాను, అదీ చెప్పాలి.

"ఇది నిన్నామొన్నా తెగింది కాదు. పక్కనున్న కండ సన్నబడి కొవ్వు పట్టింది. ఏళ్ళు పడితే గానీ అట్లా కాదు. ముందెప్పుడన్నా, పైకి రాస్తా ఉంటే, పుటుక్కుమనిందా?"

ఆయన ఆలోచించాడు. "పోయిన పెద్ద ఎలక్షన్లకు బస్టాండు గోడ మీద చిన్నం గీస్తా ఉంటే ఒకసారి అనింది. భుజంలో మంట మంటగా ఉన్నింది. ఆముదం పెట్టుకోని మళ్ళీ కుంచె పట్టినా. ఇంకా చాలా గోడలు ఉన్నాయి కదా." చిన్నం అంటే కట్చి గుర్తు.

"అప్పుడే తెగింది. అంటే ఆ ఎలక్షన్లంతా నువ్వు తెగిన నరంతోనే రాసినావు. మిగతా నరాలు మోసినాయి, ఇప్పుడు వాటివల్ల కాలేదు. సీటు సంగతి వచ్చింది మొన్న. నీ చెయ్యి పోయింది అంతకు ముందే."

ఆయన నన్ను చూసి, తెరను చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "ముందేనా?" అన్నాడు. "ముందే" అన్నాను. "సరిగా చూసినావు కదా పాపా? నన్ను సమాధానం చేయడానికి చెప్పడం లేదు కదా?" అన్నాడు. నేను మళ్ళీ జెల్ వేసి, ప్రోబ్ ఆయన చేతికే ఇచ్చి, పైన నా చెయ్యి పెట్టి, అటూ ఇటూ వాల్చి చూపించాను. ఏ వైపు వాల్చినా బోసి ఎముకే కనబడింది. అప్పుడు నమ్మాడు.

కుట్టే వీలుందేమో వేలూరులో అడగమని చీటీ రాశాను గానీ, అంత దూరం జారిన నరాన్ని ఆ వయసులో లాగి కట్టడం కష్టమని ఉన్నదున్నట్టు చెప్పాను. కసరత్తులు చేస్తే నొప్పి తగ్గుతుంది, చెయ్యి మాత్రం మునుపటిలా పైకి లేవదు. ఆయన దానికి బాధపడినట్టు కనిపించలేదు. ఎంతవరకు లేస్తుందో చూపించమన్నాడు. గోడ పక్కన నిలబెట్టి, మోచేయి కింద నా చెయ్యి ఆనించి, మెల్లగా లేపించాను. రొమ్ము దాటగానే భుజం చెవి వైపు ఎగిరింది. "ఇక్కడికి చాలు, దీని పైకి పోవద్దు" అన్నాను. ఆయన నా బల్ల మీది పెన్సిలు తీసుకుని, ఆ చోట నా స్కాన్ గది గోడ మీద సన్నగా ఒక గీత గీశాడు. సుత్తిలి తాడు పట్టి కొట్టినట్టు ఉంది గీత.

"ఈ బొమ్మ కట్చి ఆఫీసులో చూపించు మామా. నోళ్ళు మూతపడతాయి" అన్నాను.

బొమ్మను మడిచి, నాయకుడి బొమ్మ వెనక, జేబులో పెట్టుకున్నాడు. "వాళ్ళకెందుకు? వాళ్ళు అనిందానికి నాకు బాధ లేదు. నేను అనుకునిందానికే. అది తీరిపోయినాది."

తలుపు దగ్గర నాకు కొంటెతనం పుట్టింది. "మరి నా కాలు వద్దా?"

"వేండాం తల్లీ" అన్నాడు. నవ్వాడు, వచ్చినప్పటినుంచి మొదటిసారి. "పెడితే తగ్గిపోయినాదనుకో, నీ మిషను పరువు ఏం కావాల?"

నెల తర్వాత ఒక పెళ్ళికి బస్సులో పేర్ణాంబట్టు పోతున్నాను. ఊరు దాటాక తోళ్ళ గోడౌను పొడుగాటి గోడ ఒకటి ఉంది. దానికి కొత్తగా సున్నం కొట్టారు. మూలన ఆయన కట్చి పొడి అక్షరాలు. అక్షరాలు ఆయనవే, ఎక్కడున్నా పోల్చుకోగలను, అదే ఒంపు, అదే నిండుతనం. కానీ అన్నీ కిందనే ఉన్నాయి. గోడ సగానికి పైన ఉత్త తెలుపు, సగానికి కింద ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాత. బస్సులో నా ముందు కూర్చున్న ఇద్దరు, "ఏందప్పా, గొర్రెల కోసం రాసినారా?" అని నవ్వుకున్నారు. నేను వెనక్కి తిరిగి, కనబడినంతసేపూ చూశాను. అక్షరాల తలలన్నీ ఒక్క వరసలో ఆగాయి. ఆ వరస ఏ ఎత్తులో ఉందో నాకు తెలుసు.

క్లినిక్‌కు ఆ తర్వాత రెండుసార్లు సున్నం కొట్టించారు. రెండుసార్లూ నేను దగ్గరుండి, ఆ పెన్సిలు గీత ఉన్న జానెడు చోటు వదిలేయమన్నాను. ఎందుకని అడిగితే, అక్కడ ఒకాయన చెయ్యి ఉంది అని చెప్పాను.